సర్వర్ గదిలో తొట్టెల

రెండువేల సంవత్సరం, ఏప్రిల్ పదిహేడు, సోమవారం. ఆ రోజు బాపయ్య డబ్బాలో రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, ఒక ఉల్లిగడ్డ ఉన్నాయి. పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాడు. భార్య పోయిన ఈ రెండేళ్లలో వంట చాలావరకు పట్టుబడింది గానీ ఉప్పు మాత్రం ఇంకా ఆయన మాట వినడం లేదు. పడితే రెండుసార్లు పడుతుంది, లేదంటే అసలే పడదు. అయితే ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం ఉప్పు కాదు. ఒక రొట్టె తిని రెండోది విరుస్తుండగా ఉజ్వల సర్వర్ గది తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆమె భుజం మీద నాలుగు నెలల పాప ఉంది. పాప వీపంతా చెమటకాయలు.

చంద్రపూర్‌లో ఎండాకాలం ఎట్లా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా నమ్మరు. కంపెనీ ఆఫీసు బాబుపేట్ రోడ్డు మీద ఉండేది. సాస్తి గనుల నుంచి బొగ్గు ఎత్తుకొచ్చే లారీలకు చిట్టీలు ఇవ్వడం దాని పని. ఎన్నో ఏళ్లు చేత్తోనే రాశారు. దేశమంతా కంప్యూటర్లు వస్తున్నాయి, మనకెందుకు రాకూడదని ఆ జనవరిలో నాగ్‌పూర్ హెడ్డాఫీసు ఒక సర్వర్ పంపింది. హాల్లో కూర్చున్న ఆపరేటర్లు లారీ నంబరు, బరువు కొడితే అవి సర్వర్‌లోకి పోతాయి, అక్కణ్ణుంచి నాగ్‌పూర్‌కు పోతాయి. చిట్టీ అచ్చయి బయటికి వస్తే లారీ కదులుతుంది. రాకపోతే కదలదు.

సర్వర్‌తో పాటు దాన్ని నిలబెట్టడానికి ఒక ఇనుప రాక్ కూడా వచ్చింది. రాక్ మనిషి కంటే ఎత్తు. సర్వర్ జానెడు మందం. ఇంత బీరువాకు ఇంత సామానేనా అని మేనేజర్ వినాయక్‌రావు అడిగితే, ముందుముందు పెరుగుతుంది సార్ అని నాగ్‌పూర్ నుంచి వచ్చిన ఇంజనీరు చెప్పాడు. అప్పటి నుంచి రాక్ ఎదురుచూస్తూనే ఉంది.

బీయస్సీ పాసై, అన్నేళ్లూ తూకం కాటా దగ్గర గుమాస్తాగా చేసిన బాపయ్యను సర్వర్‌కు కాపలా పెట్టారు. ఆయన ఇంగ్లీషు చదవగలడు. తక్కువ మాట్లాడతాడు. సాయంత్రం ఆలస్యమైతే ఇంట్లో అడిగేవాళ్లు లేరు. ఈ మూడో అర్హతను వినాయక్‌రావు పైకి అనలేదు. అననందుకు బాపయ్య మనసులోనే ఆయనకు దండం పెట్టుకున్నాడు.

పని నేర్పింది ఇంజనీరు తరుణ్. వరోరాలో బట్టల దుకాణం నడిపే తెలుగువాళ్ల అబ్బాయి. నాగ్‌పూర్‌లో చదివి అక్కడే ఉద్యోగంలో చేరాడు.

"గిది చూడు కాకా. ముందట గీ దీపం పచ్చగుంటే మెషిన్ తబియత్ మంచిగున్నట్టు. నారింజ రంగుకొస్తే ఏదో నొస్తుందన్నట్టు. ఎర్రగైతే నాకు ఫోన్ కొట్టు."

"ఏం నొస్తుందో ఎట్ల తెలుస్తది?"

"తెర మీద వస్తది. లోపల పంకలు తిరుగుతున్నయా, వేడి ఎంతుంది, కరెంటు సక్కగొస్తుందా, డిస్కులు ఎట్లున్నయ్, అన్నీ అదే చెప్తది. మనిషన్నా గింత సాఫ్‌గ చెప్పడు."

"మరి గీ నెట్‌వర్క్ అన్న పేజీ ఏంది?"

"అది నీకొద్దు. అది మేం నాగ్‌పూర్‌ల కూసొని చూస్తం. ఆరోగ్యం మీది, నెట్‌వర్క్ మాది."

ఈ పంపకం బాపయ్యకు సబబుగానే తోచింది. అన్నదమ్ముల పంపకాలు ఇంతకంటే అన్యాయంగా జరగడం ఆయన పక్కనున్న రాజురాలో చూశాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున వినాయక్‌రావు ఆఫీసుకు రాగానే, కుర్చీలో కూర్చోకముందే, "క్యా బాపయ్యజీ, సర్వర్ కీ తబియత్ కైసీ హై?" అని దాని ఆరోగ్యం అడిగేవాడు. పచ్చగా ఉంది సార్ అని బాపయ్య చెప్పేవాడు. అది విని ఊడ్చే నర్సక్క చీపురు ఆపి, "పదేండ్ల సంది గీ ఆఫీసు ఊడుస్తున్న. నా మోకాళ్లు ఎట్లున్నయని ఒక్కనాడన్న అడిగిండా?" అనేది.

"నీకు దీపం లేదు గదా నర్సక్కా," అనేవాడు బాపయ్య.

"దీపం ఉంటే ఎప్పుడో ఎర్రగయ్యేదన్నా."

ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది సర్వర్ గదిలోనే. మేనేజర్ గదిలో కూడా కూలరే. మార్చి నెల దాటేసరికి ఆఫీసులో అందరికీ బాపయ్య మీద ఎక్కడలేని ఆప్యాయత పుట్టుకొచ్చింది. ఒకరు పెన్ను అడగడానికి వచ్చేవారు, ఒకరు టైము అడగడానికి. వచ్చినప్పుడల్లా తలుపు తెరుచుకునేది. తెరుచుకున్నప్పుడల్లా గదిలో వేడి పెరిగేది. ఆ సంగతి సర్వర్ నాగ్‌పూర్‌కు చెప్పేసేది. నాగ్‌పూర్ నుంచి ఫోను వచ్చాక వినాయక్‌రావు హాలు మధ్యలో నిలబడి హుకుం వేశాడు: సర్వర్ గదిలోకి బాపయ్య తప్ప ఇంకెవరూ పోకూడదు, ఎవరైనా కనిపిస్తే వాళ్లూ ఇంటికే, బాపయ్యా ఇంటికే.

హుకుం వేసి వారమైనా కాలేదు, ఉజ్వల పాపతో లోపల నిలబడి ఉంది. ఆమె హాల్లో ఆపరేటరు, ఇంకా టెంపరరీ.

"కాకా, ఎవలకు చెప్పకు. ఒక్క గడియ ఉండనియ్యి."

"గింత ఎండల పిల్లనెందుకు తెచ్చినవ్ బిడ్డా?"

"ఇంట్ల ఉంచితే ఉడికిపోతది. మాది రేకుల ఇల్లు. మా అత్త తడిబట్ట కప్పుతది. అది ఆరేలోపట పోరి ఎర్రగైతది. నిన్న డాక్టర్ కాడికి తీస్కపోతే చల్లగున్న జాగల ఉంచుమన్నడు. చల్లగున్న జాగ ఏడుందో చెప్పుండ్రి సాబ్ అంటే, మందు రాసిచ్చిండు." ఆమె పాప వీపు మీద ఊదుతూ గొంతు తగ్గించింది. "పోయినేడు మా గల్లీల గింతే పోరడు ఎండదెబ్బకు పోయిండు కాకా. పొద్దున మంచిగనే పాలు తాగిండు. మా ఆయన లారీ మీద పోతే వారానికొకసారి వస్తడు. నేను మానేస్తే నా జాగల ఇంకొకలను కూసోవెడ్తమన్నరు. వానలు పడేదాంక, కాకా. గంతే."

బాపయ్య చేతిలో ఉన్న రొట్టె ముక్కను డబ్బాలో పెట్టి మూత వేశాడు. ఇంట్లో పిల్లల్లేకుండానే ఆయన కాపురం గడిచిపోయింది. నాలుగు నెలల పిల్లలకు ఎంత చలి పనికొస్తుందో ఆయనకు తెలియదు. సర్వర్‌కు ఎంత పనికొస్తుందో తెలుసు. లేచి గదిలో చేయి చాపుకుంటూ తిరిగాడు. రాక్ ముందు వైపు ఏసీ గాలి నేరుగా కొడుతోంది, అక్కడ పెడితే పాప జలుబుతో లేస్తుంది. రాక్ వెనక్కి పోయి చూస్తే, సర్వర్ లోపలి పంకలు వదిలే గాలి గోరువెచ్చగా ఉంది. ఆవు ఊపిరిలాగా ఉంది. పైగా తలుపు తీసి చూసినవాళ్లకు రాక్ వెనక ఏముందో కనిపించదు.

"గీ మూలకు మంచిగుంటది," అన్నాడు.

మంచిగానే ఉంది గానీ పాప నేల మీద పడుకోదు. బాబుపేట్‌లో ఏ పిల్లా పడుకోదు. పాత చీర తొట్టెల కట్టి ఊపితేనే నిద్ర. గది గోడలు కొత్తగా వేసిన చెక్క గోడలు, మేకు దిగితే ఊడివస్తుంది. బాపయ్య, ఉజ్వల ఇద్దరూ తలెత్తి చూశారు. రాక్ వెనక వైపు పైన ఒక అడ్డపట్టీ ఉంది. దానికి అడుగడుగునా బెజ్జాలున్నాయి. తొట్టెల కట్టమని ఎవరో చెప్పి చేయించినట్టుంది.

ఉజ్వల తెచ్చిన చీర నైలాన్‌ది, ముడి జారిపోతోంది. మర్నాడు బాపయ్య ఇంటి నుంచి ఒక నూలు చీర తెచ్చాడు. పోయిన భార్య సావిత్రిది. ఎవరికైనా ఇచ్చేయమని చుట్టాలు ఎన్నోసార్లు చెప్పారు. ఆయనకే చేతులు రాలేదు. ఉజ్వల అది ఎవరిదని అడగలేదు. రెండు చేతుల మధ్య నలిపి చూసి, "మెత్తగుంది కాకా," అంది, అంతే.

అట్లా ఏర్పాటు కుదిరింది. పొద్దున ఉజ్వల అందరికంటే ముందు వస్తుంది, సాయంత్రం అందరికంటే వెనక పోతుంది. మధ్యలో పాలివ్వడానికి నీళ్ల వంకతో వస్తుంది. నర్సక్కకు మొదటిరోజే తెలిసిపోయింది. ఆమెకు తెలియకుండా ఆఫీసులో కాగితం ముక్క కూడా కింద పడదు. "నేను చూడలే," అని ఆమే పాప కంట కాటుక తెచ్చి పెట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పాప నిద్రకు ఏడ్చేది. బాపయ్య తొట్టెలకు ఒక తాడు కట్టి, రాక్ పక్క నుంచి తన కుర్చీ దాకా లాక్కున్నాడు. ఒక చేత్తో మౌస్, ఒక చేత్తో తాడు. తాడు లాగుతూ, వదులుతూ తెర వైపు చూసేవాడు. పంకలు బాగున్నాయి. వేడి బాగుంది. కరెంటు బాగుంది. ముందు దీపం పచ్చగా ఉంది. వెనక ప్రజ్ఞ నిద్రపోతోంది. పాప పేరు ప్రజ్ఞ. ఇన్నేళ్ల ఉద్యోగంలో తను కాపలా కాసినవన్నీ ఒకేసారి క్షేమంగా ఉండటం బాపయ్యకు ఇదే మొదటిసారి.

సరిగ్గా ఆ వారమే హాల్లో తెరలు నిలిచిపోవడం మొదలైంది.

పొద్దునంతా బాగానే పనిచేసేవి. భోజనాలయ్యాక ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. కాసేపటికి కదిలేవి, మళ్లీ బిగుసుకునేవి. చాయ్ వేళకు వాటంతట అవే సర్దుకునేవి. చిట్టీలు రాక లారీలు గేటు దగ్గర నిలిచిపోయేవి. నలభై అయిదు డిగ్రీల ఎండలో, ఇంజను మీద కూర్చున్న డ్రైవరుకు ఓపిక ఎంతుంటుంది? హారన్ కొట్టేవాడు. ఒకడు కొడితే వెనకవాడు ఊరుకుంటాడా? హారన్ల మోతకు తొట్టెలలో పాప ఉలిక్కిపడేది. పాప ఉలిక్కిపడితే బాపయ్య తాడు ఇంకాస్త గట్టిగా లాగేవాడు. ఆయన గట్టిగా లాగిన రోజు తెరలు ఇంకాస్త ఎక్కువసేపు నిలిచిపోయేవి, హారన్లు ఇంకా పెరిగేవి. ఈ సంగతులన్నింటినీ కలిపి చూడవలసిన మనిషి ఆ ఆఫీసులో ఎవరూ లేరు. ఉన్న ఒక్కరి వంతుకు వచ్చింది ఆరోగ్యం.

వినాయక్‌రావు తన హుకుం తానే తప్పకూడదని గది బయటే నిలబడి అరిచేవాడు. "బాపయ్యజీ! తబియత్?"

"పచ్చగుంది సార్," అని బాపయ్య తాడు ఆపకుండానే జవాబిచ్చేవాడు. అది అబద్ధం కాదు.

నాగ్‌పూర్‌కు ఫోను చేస్తే తరుణ్ ఎత్తాడు. "ఇక్కడ మా తెర మీద చంద్రపూర్ పోతుంది, వస్తుంది, పోతుంది, వస్తుంది. ఎక్కిళ్లు పట్టినట్టుంది. మెషిన్ మాత్రం మస్తుగుందట. నేను గిట్లాంటిది చూడలేదు కాకా. వస్త."

అతను వచ్చే రోజు పాపను నర్సక్క పాత రికార్డుల గదికి తీసుకుపోయింది. తొట్టెల విప్పారు, తాడు దాచారు. అదృష్టం కొద్దీ ఆ రోజు మబ్బు పట్టింది. తరుణ్ వైర్లు చూశాడు, గోడ మీది డబ్బాలో ఒక ప్లగ్గు తీసి పక్క రంధ్రంలో పెట్టాడు, మధ్యాహ్నమంతా కూర్చుని ఎదురుచూశాడు. తెరలు ఒక్కసారి కూడా ఆగలేదు. బాగైంది అని రాసిచ్చి వెళ్లిపోయాడు. మర్నాడు పాప తిరిగి వచ్చింది, ఎక్కిళ్లూ తిరిగి వచ్చాయి.

ఆఫీసులో తలా ఒక మాట అన్నారు. ఎలుకలన్నారు. బొగ్గు దుమ్మన్నారు. ఎండకు వైర్లు సాగుతాయన్నారు. నర్సక్క ఇంకేమీ ఆలోచించకుండా నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చి తెచ్చి రాక్ ముందు కట్టింది. పచ్చ దీపానికి అడ్డం రాకుండా కట్టమని మాత్రం బాపయ్య చెప్పాడు.

మే నెల నడిమిలో తరుణ్ రెండోసారి వచ్చాడు. ఈసారి వినాయక్‌రావు అతనికి హాల్లోనే, అందరికీ వినపడేట్టు చెప్పాడు: కారణం తేలేదాకా కదలొద్దు. తరుణ్ నిమ్మకాయల వైపు చూశాడు.

"గిదేంది కాకా?"

"దిష్టికి."

"మరి తగ్గిందా?"

"లేదు."

"గట్లైతే వైరే చూస్త," అని తరుణ్ తన చిన్న కంప్యూటర్ పట్టుకుని రాక్ వెనక్కి పోయి నేల మీద కూర్చున్నాడు. సరిగ్గా పాప ఉండే చోట.

ఆ రోజు నలభై ఏడు. మబ్బు లేదు. రికార్డుల గదిలో కూలర్ ఉంది గానీ పొద్దున్నుంచి దాని మోటారు నీళ్లు ఎత్తడం లేదు. ఖాళీ కూలర్ బయటి వేడినంతా లాగి లోపలికి కొడుతుంది. నర్సక్క దాన్ని ఆపేసి విసనకర్ర పట్టుకుంది. బాపయ్య సర్వర్ ముందు కూర్చున్నాడు. చేతికి తాడు లేకపోయేసరికి ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. గోడకు అవతల నుంచి పాప ఏడుపు వినిపిస్తోంది. తరుణ్ ఒకసారి తలెత్తి, "ఎవల పోరి కాకా, మస్తు ఏడుస్తుంది," అన్నాడు. బాపయ్య మౌస్ జరిపాడు.

కాసేపటికి ఏడుపు ఆగిపోయింది.

ఏడుస్తున్నంతసేపూ కూర్చోగలిగిన బాపయ్య, అది ఆగగానే లేచి నిలబడ్డాడు. అదే సమయానికి నర్సక్క తలుపు తోసుకుని వచ్చింది. తరుణ్ ఉన్నాడన్న సంగతి కూడా ఆమె మరిచిపోయింది.

"అన్నా, పోరి ఒళ్లు పెనం లెక్క కాలుతుంది. కండ్లు తెరుస్తలేదు. నేనేం చేద్దునన్నా?"

బాపయ్య రికార్డుల గదికి పోయి పాపను ఎత్తుకుని వచ్చాడు. హాలు మధ్య నుంచే వచ్చాడు, అందరూ చూస్తుండగా. ఉజ్వల కుర్చీ వెనక్కి పడిపోయేట్టు లేచి ఆయన వెంట పరుగెత్తింది. గదిలోకి వచ్చి పాపను ఉజ్వల చేతికి ఇచ్చాడు. నర్సక్క తడిబట్టతో పాప ఒళ్లంతా తుడిచింది. ఉజ్వల రొమ్ము నోటికి అందించింది. చాలాసేపు పాప పట్టుకోలేదు. బట్ట మళ్లీ తడిపారు. మళ్లీ తుడిచారు. ఏసీ తన పని తాను చేస్తోంది. అప్పుడు పాప ఒకసారి తుమ్మి, కళ్లు తెరిచి, వాళ్లందరి మీదా కోపంగా ఏడ్చి, పాలు పట్టుకుంది. ఆ ఏడుపు విని నర్సక్క నేల మీద కూలబడింది.

తరుణ్ ఒక మూలకు జరిగి నిలబడి ఉన్నాడు. తెర మీద చూసుకోవడానికి ఏదీ లేకపోయినా దాని వైపే చూస్తున్నాడు. అందుకు బాపయ్య మనసులో అతణ్ణి మెచ్చుకున్నాడు.

పాప పాలు తాగి నిద్రకు పేచీ మొదలుపెట్టింది. ఇక దాచడానికి ఏముంది? బాపయ్య సొరుగులోంచి నూలు చీర తీశాడు, రాక్ వెనక అడ్డపట్టీకి ఎప్పటిలాగే ముడి వేశాడు, తాడు కట్టాడు, కుర్చీలో కూర్చుని లాగడం మొదలుపెట్టాడు.

"కాకా," అన్నాడు తరుణ్ వెనక నుంచి.

"నీకు చెప్పాలె బాబూ. చెప్త. పోరిని పండనియ్యి."

"అది గాదు. ఒక్కసారి ఊపుడు ఆపు."

బాపయ్య ఆపాడు.

"ఇప్పుడు ఊపు."

ఊపాడు.

"ఆపు... ఊపు... మెల్లగ... ఆపు."

హాల్లో ఎవరో, "పోయిందీ... వచ్చిందీ..." అని అరుస్తున్నారు.

తరుణ్ రాక్ వెనక మోకాళ్ల మీద కూర్చుని వేలు చూపించాడు. సర్వర్ వెనక, నెట్‌వర్క్ వైరు ప్లగ్గు దగ్గర ఇంకో చిన్న దీపం ఉంది. అది కూడా పచ్చదే. ఇన్నాళ్లూ బాపయ్య దాన్ని చూడలేదు. అది నాగ్‌పూర్ వాళ్ల వంతుది. తొట్టెల ముందుకు వచ్చినప్పుడు చీర అంచు ఆ వైరును తోస్తోంది, దీపం ఆరిపోతోంది. వెనక్కి పోయినప్పుడు వెలుగుతోంది.

"ఇన్ని దినాలు నాగ్‌పూర్‌ల కూసొని నేను చూసింది నువ్వు ఊపుడే కాకా," అన్నాడు తరుణ్. "ఎంత సక్కగ ఊపినవంటే, గిది మనిషి చేతి పనని మా సాబ్‌లు నమ్మలే."

నవ్వబోయి అతను నవ్వలేదు. లేచి రాక్ మీద చేయి వేసి కొంచెం తోశాడు. రాక్ ఊగింది. ఇంకోసారి తోశాడు, ఇంకా ఎక్కువ ఊగింది. వంగి కింద చూశాడు.

"దీన్ని నేలకు బోల్టులేసి బిగించాలె. ఒక్కటి గూడ బిగియ్యలే." అతను తొట్టెల వైపు చూశాడు. "పోరి చిన్నది గాబట్టి ఆగింది. ఇంకో రెండు నెలలు బరువు పెరిగి, నువ్వు గట్టిగ ఊపినవనుకో, గిది మొత్తం ఆమె మీదనే పడుతుండె."

బాపయ్య తాడు వదిలేశాడు. లేచి పోయి తొట్టెలలోంచి పాపను రెండు చేతులా తీసి ఉజ్వలకు ఇచ్చాడు. ముడి నర్సక్క విప్పింది. ఇన్నాళ్లూ ముందు దీపం పచ్చగా ఉంది, అనుకున్నాడు ఆయన.

ఆ సమయానికి హారన్ల మోత భరించలేక వినాయక్‌రావు తన హుకుం తానే తప్పి లోపలికి వచ్చాడు. ఉజ్వలను, పాపను, నర్సక్క చేతిలోని చీరను, నిమ్మకాయలను వరసగా చూశాడు.

"యే సబ్ క్యా హై?" ఇదంతా ఏమిటన్నాడు.

కోపం వస్తే ఉజ్వలకు తెలుగు చాలదు. మరాఠీలోకి దిగింది. బడిలో నేర్చుకున్న మరాఠీ, పొల్లు పోకుండా వచ్చింది. మెషిన్‌కు ఏసీ, మనిషి పిల్లకు ఎండనా సార్, అని అడిగింది. ఈ పిల్లను కూడా నాగ్‌పూర్ వాళ్లే డబ్బాలో పెట్టి పంపి ఉంటే ఏసీలోనే ఉంచేవారు కదా, అంది. తీసేస్తే తీసేయండి, కాకాది ఏ తప్పూ లేదు, పాపను తెచ్చింది నేను, తొట్టెల కట్టమన్నది నేను, అంది.

"కట్టింది నేను సార్," అన్నాడు బాపయ్య.

వినాయక్‌రావు నోరు తెరిచాడు. హుకుం ఆయన నాలుక మీదనే ఉంది. ఇద్దరూ ఇంటికే. అప్పుడు తరుణ్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, కారణం దొరికింది. రిపోర్టుల ఏం రాయమంటరు?"

"జో హై వో లిఖో." ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు రాస్తే, రాక్‌కు బోల్టుల్లేవని రాయాలె సార్. జనవరిల ఫిట్టింగ్ మొత్తం చూసుకున్నమని ఆఫీసు తరపున ఎవరు సంతకం పెట్టిండ్రని అడుగుతరు."

వినాయక్‌రావు బోల్టులు లేని నాలుగు రంధ్రాల వైపు వంగి చూశాడు. సంతకం ఆయనదే. ఆ రోజు పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, పేడాలు పంచే హడావిడిలో ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాడు. ఆయన మెల్లగా నిటారుగా నిలబడి, ఈసారి తను అడిగాడు: తొట్టెల తగిలితే మాత్రం వైరు ఎందుకు వదులవ్వాలి? ప్లగ్గు అంటే టక్కున పట్టుకుని ఉండాలి కదా?

తరుణ్ ప్లగ్గు బయటికి లాగాడు. దాన్ని పట్టి ఉంచే చిన్న కొక్కెం విరిగి ఉంది. అది జనవరిలోనే విరిగింది. బిగించింది అతనే. లోపలికి తోస్తే నిలబడింది కదా అని ఊరుకున్నాడు.

వినాయక్‌రావు తరుణ్ వైపు చూశాడు. తరుణ్ వినాయక్‌రావు వైపు చూశాడు. ఇద్దరూ కలిసి బాపయ్య వైపు చూశారు. ఆయన ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా తాడును ఉండ చుట్టుకుంటున్నాడు.

"పాత వైరు తీసి కొత్త వైరు వేశాం అని రాయి," అన్నాడు వినాయక్‌రావు మరాఠీలో. "కొత్త వైరు వెయ్యి. బోల్టులు శనివారం వేయిస్తా."

"మంచిది సార్."

మేనేజరు తలుపు దాకా పోయి ఆగాడు. వెనక్కి తిరగలేదు. మధ్యాహ్నం పూట ఈ తలుపు మాటిమాటికీ తెరిస్తే వేడి పెరుగుతోందని, రేపటి నుంచి బాపయ్య లోపల గొళ్లెం పెట్టుకుని పనిచేసుకోవాలని, బయటి నుంచి ఎవరు కొట్టినా, తను కొట్టినా సరే, తీయనక్కర్లేదని తలుపుతో చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన పోయాక కూడా ఉజ్వల కాసేపు పాపను గట్టిగా పట్టుకునే నిలబడింది. "అంటే ఏంది కాకా? ఉండుమన్నట్టా, పొమ్మన్నట్టా?"

"గొళ్లెం పెట్టుకొమ్మన్నడు బిడ్డా," అన్నాడు బాపయ్య.

తరుణ్ బయటికి పోయి, గోదాములోంచి సర్వర్ వచ్చిన అట్టపెట్టె మోసుకొచ్చాడు. పెద్ద పెట్టె, గట్టి అట్ట. పైభాగం కోసి, అడుగున సర్వర్ కింద వేసి పంపిన స్పాంజి దిండు పరిచాడు. బాపయ్య దాని మీద నూలు చీర నాలుగు మడతలు వేశాడు. రాక్‌కు తగలకుండా, గోరువెచ్చ గాలి వచ్చే చోట పెట్టారు. పెట్టె మీద పైకి చూపే బాణాలున్నాయి, పగిలే సామాను జాగ్రత్త అని గాజు గ్లాసు బొమ్మ ఉంది, తడి తగలనీయవద్దని గొడుగు బొమ్మ ఉంది. ప్రజ్ఞ చివరి నియమాన్ని మొదటి గంటలోనే తప్పింది.

ఊపకపోతే నిద్రపోదని ఉజ్వల భయపడింది. నిజమే, పాప చాలాసేపు పడుకోలేదు. బాపయ్య నేల మీద కూర్చుని పెట్టె అంచు మీద నుంచి చేయి వేసి జోకొట్టాడు. తరుణ్ కొత్త వైరు బిగించాడు. కొక్కెం టక్కుమన్నది. రెండుసార్లు లాగి చూశాడు. తర్వాత బాపయ్య తెర మీద నెట్‌వర్క్ పేజీ తెరిచి పెట్టాడు.

"గిది గూడ చూస్తుండు కాకా."

"మీ వంతు గదా?"

"మా వంతే. అయినా చూస్తుండు."

హాల్లో తెరలు మళ్లీ ఆగలేదు. లారీలు కదిలాయి. హారన్లు తగ్గాక, జోకొట్టే చేతి కింద పాప ఊపిరి నిదానించింది.

సాయంత్రం తరుణ్ రైలుకు వెళ్లిపోయాడు. ఆపరేటర్లు వెళ్లిపోయారు. నర్సక్క నిమ్మకాయలు విప్పి, ఉండనీయాలా పారేయాలా అని అడిగింది. పనిచేశాయో లేదో ఎవరికీ తేలలేదు కాబట్టి ఉండనిమ్మన్నాడు బాపయ్య. ఉజ్వల నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని వరండాలో నిలబడింది. ఎండ దిగినా గచ్చు ఇంకా సెగ కక్కుతోంది. ఇంటి రేకులు చల్లబడేదాకా కాస్త ఆగి పోదాం అనుకున్నారు ఆమె, బాపయ్య.

బాపయ్య గదిలో దీపాలు చూసుకున్నాడు, ముందుదీ, వెనకదీ. ట్యూబ్‌లైటు ఆర్పాడు. ఆ తలుపుకు స్ప్రింగు ఉంది, వదిలేస్తే ధడేలుమని మూసుకుంటుంది. ఆయన అరచేయి ఆనించి, దాని బలాన్ని కాసుకుంటూ, కొంచెం కొంచెంగా వదిలాడు. తలుపు చప్పుడు లేకుండా వచ్చి చట్రానికి ఆనింది.